తుపాను వేళ, కరెంటు లేని వేళ: పల్లెలో ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గరలో తీరం దాటింది. దసరా నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. తెల్లారి బయటికొచ్చి చూస్తే కొబ్బరి చెట్లూ జీడి తోటలూ నేల మీదున్నాయి, వాటి కింద కరెంటు స్తంభాలున్నాయి. ఆ తర్వాత రోజుల తరబడి ఊరంతా చీకటే. అయితే ఆ రోజుల్లో మా ఇంట్లో ముందుగా ఇబ్బంది పెట్టింది చీకటి కాదు, నీళ్ళు. మోటారు తిరగదు, ట్యాంకు ఖాళీ, పెరట్లో బావి ఉంది కానీ చేంతాడు ఎప్పుడో చివికిపోయింది. నిండు బావి పక్కనే నిలబడి నీళ్ళు తోడుకోలేకపోయాం.

అందుకే ఎవరైనా "ఏ ఇన్వర్టర్ కొనమంటారు?" అని అడిగితే, ముందు మీ బావి గిలక తిరుగుతుందో లేదో చూసుకోండి అంటాను. ఇన్వర్టర్ వంతు తర్వాత వస్తుంది.

ముందు ఇది తెలుసుకోండి

మన వైపు కరెంటు మూడు రకాలుగా పోతుంది. లైను మరమ్మతులకీ కొమ్మలు కొట్టడానికీ తీసేది కొన్ని గంటలు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఈదురుగాలి కొడితే ఒక రాత్రి పోతుంది. తుపాను వస్తే ఎన్ని రోజులన్నది ఎవరూ చెప్పలేరు. మొదటి రెండింటికీ బ్యాటరీ సరిపోతుంది. మూడోదానికి ఎంత పెద్ద బ్యాటరీ కొన్నా చాలదు.

తేదీలు ఒకసారి చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. మూడూ అక్టోబరు రెండో వారంలోనే. 2021లో గులాబ్ ఇంకా ముందే, సెప్టెంబరు 26న వచ్చింది. కాబట్టి మా ఇంట్లో ఒక లెక్క పెట్టుకున్నాం: వినాయక చవితి వెళ్ళిన వారంలో కింద చెప్పిన పనులన్నీ అయిపోవాలి. తుపాను హెచ్చరిక వచ్చాక మొదలుపెడితే బజార్లో కొవ్వొత్తి కూడా దొరకదు, ఎలక్ట్రీషియన్ ఫోనే ఎత్తడు.

మొదటి పని నీళ్ళు

బావి ఉంటే గిలకకి నూనె వేయండి, కొత్త చేంతాడు కొనండి, బక్కెట్టు కట్టి నాలుగు చేదలు తోడి చూడండి. తాడుని ఎండలో, వానలో వదిలేయకుండా చుట్టి ఇంట్లో పెట్టండి. వీధిలో చేతి బోరింగు ఉంటే అది పనిచేస్తోందో లేదో ఇప్పుడే చూసి, వాషరు పోయుంటే పంచాయతీలో చెప్పి మార్పించండి. ఆ ఒక్క బోరింగు తుపాను రోజుల్లో వీధి మొత్తానికి నీళ్ళిస్తుంది.

తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి ఐదు లీటర్లు అనుకోండి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకి 60 లీటర్లు, అంటే పెద్ద బిందెలు నాలుగు. వాటి మీద మూతలు పెట్టి, గట్టు మీద కాకుండా ఇంటి లోపల, పిల్లలు చేతులు పెట్టని చోట ఉంచండి.

మేడ మీద సింటెక్స్ ట్యాంకు ఉంటే తుపాను ముందు రోజే నింపేయండి. వాడకానికి నీళ్ళుంటాయి, పైగా నిండు ట్యాంకుని గాలి కదపలేదు. ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది, పైపులు విరుగుతాయి. మూతని కూడా తాడుతో అడ్డంగా కట్టండి.

వాన వెలిశాక బావిలోకి వరద నీరు దిగి ఉంటే ఆ నీళ్ళు నేరుగా తాగొద్దు. మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం కాచి, చల్లార్చి, అదే గిన్నెలో మూత పెట్టి ఉంచండి. ఏఎన్ఎం దగ్గర క్లోరిన్ మాత్రలు దొరుకుతాయి. ఎన్ని లీటర్లకి ఒక మాత్ర అన్నది చీటీ మీద ఉంటుంది, ఆ ప్రకారమే వేసి అరగంట ఆగి తాగండి.

ఇంటి చుట్టూ తిరిగి చూడండి

ఇది పైసా ఖర్చు లేని పని. ప్రాణాలు కాపాడేది కూడా ఇదే. పగటి పూట, కళ్ళతో చూస్తూ ఇంటి చుట్టూ ఒక రౌండు తిరగండి, ఏదీ ముట్టుకోవద్దు.

ముందుగా బట్టలారేసే దండెం. ఇనప తీగ అయితే ఈ రోజే విప్పేయండి. మన ఊళ్ళలో ఒక కొస గోడ మేకుకి, ఇంకో కొస కరెంటు స్తంభానికి లేదా దాన్ని నేలకి బిగించే స్టే వైరుకి కట్టేస్తారు. ఎక్కడో సర్వీసు వైరు (స్తంభం నుంచి ఇంటికి వచ్చేది) ఒరుసుకుని పైతొడుగు చిరిగితే దండెంలోకి కరెంటు వస్తుంది, తడి బట్ట వేసిన మనిషి చెయ్యి అక్కడే అతుక్కుపోతుంది. ఇలా పోయినవాళ్ళ గురించి ఏటా వింటూనే ఉన్నాం. నైలాన్ తాడు కట్టండి, అదీ స్తంభానికి కాకుండా చెట్టుకో గుంజకో. గేదెల్ని కూడా స్తంభానికీ స్టే వైరుకీ కట్టొద్దు.

రేకుల ఇల్లయితే సర్వీసు వైరు రేకు అంచుని ఎక్కడ తాకుతోందో చూడండి. గాలికి వైరు ఊగినప్పుడల్లా రేకు దాన్ని కత్తిలా కోస్తుంది. అక్కడ ప్లాస్టిక్ పైపు తొడిగించాలి. అది సరఫరా ఆపించి లైన్‌మన్‌తోనే చేయించాల్సిన పని.

కొబ్బరి మట్టలు తీగల మీద వాలుతుంటే దోటి పట్టుకుని మీరే దించేయాలని చూడొద్దు. ఇనుప పైపు దోటి, అల్యూమినియం దోటి సంగతి సరే, పచ్చి వెదురులోంచి కూడా కరెంటు పాకుతుంది. సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ ఉంటారు, ఆయనకి చెప్పండి. లేదా 1912కి ఫోన్ చేయండి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు బిల్లు మీది సర్వీసు నంబరు అడుగుతారు. దాన్ని తలుపు లోపలి వైపు మార్కరుతో పెద్దగా రాసి పెట్టుకోండి, చీకట్లో బిల్లు వెతుక్కునే పని ఉండదు.

ఎర్తింగ్ చాలా ఇళ్ళలో పేరుకే ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు గొయ్యి తీసి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి మూసేసి మర్చిపోతారు. మన ఇసక నేలలో వేసవికి ఆ గొయ్యి పూర్తిగా ఎండిపోతుంది, ఎండిన నేల కరెంటుని లాక్కోదు. వేసవిలో వారానికి రెండు బక్కెట్ల నీళ్ళు పోయండి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఎర్త్ బాగుందో లేదో పరీక్ష చేయించండి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలకి పోతోందంటే రెప్పపాటులో సరఫరా ఆపేసే స్విచ్ ఇది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోతే మంచిది, పడకపోతే మార్పించండి.

ఇంకొక్క మాట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే ఊళ్ళో ధైర్యస్తులు ఎవరో ఒకరు కర్ర పట్టుకుని వెళ్తారు. మీ ఇంట్లో కుర్రాళ్ళని మాత్రం పంపొద్దు. ఆ ఒక్క రాత్రి ఉక్కలో పడుకున్నా ఏమీ కాదు.

వెలుతురు, దోమలు, ఫోను

ఛార్జింగ్ బల్బులు రెండు కొనండి. వాటిని పెట్టెలో దాచకండి. రోజూ వాడే హోల్డర్లోనే పెట్టి వాడుతుంటే ఛార్జి ఎక్కుతూ ఉంటుంది, కరెంటు పోగానే వాటంతటవే వెలుగుతాయి, మూడు నాలుగు గంటలు ఉంటాయి. దాచిపెడితే అవసరం నాటికి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. వీటితో పాటు తలకి కట్టుకునే టార్చి ఒకటి తీసుకోండి. రాత్రి పూట పశువుల పాకలోకి వెళ్ళాలన్నా, చేద తోడాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా.

తాటాకు ఇల్లు, పాక ఉన్నవాళ్ళు కొవ్వొత్తి జోలికి వెళ్ళకపోవడమే మంచిది. తప్పనిసరైతే గోడ గూట్లో, ఇసక పోసిన గిన్నెలో నిలబెట్టండి. దోమతెర దగ్గర అసలొద్దు, అది అంటుకుంటే ఆర్పే టైం కూడా ఇవ్వదు.

దోమతెర గురించి ఇంకాస్త చెప్పాలి. ఫ్యాను ఆగితే ఉక్క కంటే ముందు దోమలు నిద్ర చెడగొడతాయి. తుపాను తర్వాత నీళ్ళు నిలిచిన చోటల్లా అవే, వాటితో జ్వరాలూనూ. చేతిలో డబ్బులు తక్కువగా ఉంటే ఇన్వర్టర్ మాట పక్కనపెట్టి మంచానికో దోమతెర కొనండి. చిరుగులు ఉంటే ఇప్పుడే కుట్టండి.

ఫోనుకి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి చాలు, మామూలు ఫోనుని రెండున్నర సార్లు నింపుతుంది. టవరు కూడా కరెంటు మీదే నడుస్తుంది, దాని బ్యాటరీ అయిపోతే సిగ్నల్ పోతుంది. సిగ్నల్ వెతుక్కుంటూ ఫోను ఛార్జి తినేస్తుంది కాబట్టి అవసరం లేనప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాల్ కలవని చోట కూడా మెసేజ్ వెళ్ళొచ్చు. హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేసే పిల్లలు టీవీలో తుపాను చూసి అక్కడ టెన్షన్ పడుతుంటారు, "బాగున్నాం" అని ఒక్క ముక్క పంపండి చాలు. ముఖ్యమైన పది నంబర్లు కాగితం మీద రాసి గోడకి అతికించండి. సెల్లులతో నడిచే చిన్న రేడియో ఉంటే ఇంకా మంచిది, సిగ్నల్ లేని రోజుల్లో వార్తలకి అదే దిక్కు.

ఇన్వర్టర్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

కాగితం తీసుకోండి. కరెంటు లేనప్పుడు ఏవేవి తిరగాలో రాయండి. పాత ఫ్యాను ఒకటి 75 వాట్లు తింటుంది. రెండు ఫ్యాన్లంటే 150. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, 36. ఫోన్ల ఛార్జింగుకి ఓ 20. మొత్తం 206 వాట్లు.

ఇప్పుడు బ్యాటరీ. ఎక్కువ ఇళ్ళలో ఉండేది 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ. పన్నెండుని నూట యాభైతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. కానీ బ్యాటరీని అడుగంటా పీల్చకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. చేతికి దక్కేది 1100 దాకా. దాన్ని 206తో భాగిస్తే ఐదు గంటల పైచిలుకు. అదీ కొత్త బ్యాటరీ అయితేనే.

అవే రెండు ఫ్యాన్లు తీసి, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టారనుకోండి. ఒక్కోటి 30 వాట్లే. మొత్తం 116కి దిగుతుంది, అదే బ్యాటరీ తొమ్మిది గంటలు దాటి వస్తుంది. అందుకే రెండో బ్యాటరీ కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ముందు ఫ్యాన్లు మార్చండి. అన్ని రోజులూ బిల్లు కూడా తగ్గుతుంది.

తుపాను రోజులకి లెక్క వేరు. ఒక్క బీఎల్‌డీసీ ఫ్యాను, రెండు బల్బులు మాత్రమే, అదీ రాత్రి ఐదు గంటలే అని నియమం పెట్టుకుంటే అదే బ్యాటరీ మూడు రాత్రులు దాటి వస్తుంది. పగలు ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపేయాలి, ఊరికే ఆన్‌లో ఉన్నా అది కొంచెం కొంచెం తింటూనే ఉంటుంది. మిక్సీ, ఫ్రిజ్, మోటారు దీని మీద పెట్టొద్దు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడే 750 వాట్ల పైన, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది.

బ్యాటరీలో పోసేది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. బోరు నీళ్ళలో ఉండే ఉప్పులు లోపలి ప్లేట్లని తినేస్తాయి. రెండు నెలలకోసారి నీళ్ళ మట్టం చూడండి, గీత దాటి పోయకండి. వరద వచ్చే ఇల్లయితే ఇటుకల అరుగు కట్టి, పాత వరద గుర్తు కంటే ఎత్తులో పెట్టండి. నెలకోసారైనా మెయిన్ ఆపి రెండు మూడు గంటలు బ్యాటరీ మీద నడపండి.

చాలామంది ఇన్వర్టర్ని దేవుడి గదిలో ఓ మూల పెడతారు. అది తీసేయండి. ఛార్జి అవుతున్నప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, దానికి దీపం, అగరవత్తి దగ్గరగా ఉండకూడదు. గాలి ఆడే వరండానో నడవానో మేలు.

సోలార్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. బిల్లు తగ్గడానికి మంచి పథకం. కానీ మామూలుగా బిగించే ఆన్‌గ్రిడ్ సోలార్ (కరెంటు లైనుకి కలిపేది), లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా తయారుచేశారు. ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. కరెంటు పోయినా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ రెండూ కావాలి. సంతకం పెట్టేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి తేల్చుకోండి.

జనరేటరు అద్దెకి తెచ్చుకుంటే ఇంటి బయటే, కిటికీలకి దూరంగా పెట్టండి. దాని పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో గోడ సాకెట్లోకి కరెంటు ఎక్కించే పని ఎవరు చేసినా ఆపండి. ఆ కరెంటు మీ మీటరు దాటి లైన్లోకి, ట్రాన్స్‌ఫార్మర్లోకి వెళ్తుంది. మీ ఊరి కోసం స్తంభం ఎక్కినవాడికి తగులుతుంది. లైను కరెంటూ జనరేటరు కరెంటూ కలవకుండా చూసే ఛేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించాకే జనరేటరు.

వంటిల్లు, మందులు

కరెంటు పోతే పిండి మర కూడా ఆగుతుందని మనకి ఆలస్యంగా గుర్తొస్తుంది. బియ్యప్పిండి, చోడి (రాగి) పిండి ముందే ఆడించుకోండి. చోడి అంబలి ఒక్కటి కాచుకుంటే పూట గడిచిపోతుంది. అటుకులు, రవ్వ, బెల్లం డబ్బాల్లో పెట్టుకోండి. గ్యాసు బండ రెండోది నిండుగా ఉండాలి. ఎండు కట్టెలు కొన్ని టార్పాలిన్‌లో చుట్టి అటక మీద వేయండి, తుపాను తర్వాత ఊరంతా విరిగిన కొమ్మలున్నా ఒక్కటీ అంటుకోదు. రుబ్బురోలు మీద సామాన్లు పెట్టేసి ఉంటే తీసి కడిగి పెట్టండి.

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపలి చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. ముందు రోజే నీళ్ళ సీసాలు డీప్ ఫ్రీజర్లో గడ్డ కట్టించి పెడితే ఇంకొంతసేపు ఆగుతుంది. ఆ తర్వాత చేపలూ పాలూ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉంటే ఓ పెద్ద కుండలో ఇసక పోసి, తడిపి, దాని మధ్యలో చిన్న కుండ పెట్టండి. మందుని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, మీద తడి గుడ్డ కప్పండి. ఇసక ఆరకుండా పూటపూటా నీళ్ళు చల్లుతుండాలి. ఐసు గడ్డకి ఆనించి మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే, తుపాను కబురు వినగానే పలాస అయినా సోంపేట అయినా మీరు వెళ్ళే కేంద్రానికి ఫోన్ చేసి, ఒక రోజు ముందే చేస్తారేమో అడగండి. తర్వాత చెట్లు పడి దారులు మూసుకుపోతే కదలలేరు. ఇంకోటి, తుపాను మర్నాడు పడిపోయిన చెట్ల కింద ఎక్కడ చూసినా కొబ్బరి బొండాలే ఉంటాయి, మంచినీళ్ళు లేవని అందరూ అవే కొట్టుకు తాగుతారు. కిడ్నీ రోగికి అవి ఇవ్వొద్దు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె మీదికి వస్తుంది. వాళ్ళ కోసం ఓ బిందె మంచినీళ్ళు విడిగా తీసి పెట్టండి.

తుపాను వస్తున్న సాయంత్రం, కరెంటు తిరిగొచ్చిన రోజు

గాలి పెరగగానే, కరెంటు ఇంకా ఉన్నా సరే, మెయిన్ ఆపేయండి. టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకేయండి. పొలంలో మోటారుకి ఆటో స్టార్టర్ ఉంటే దాన్ని కూడా ఆపండి, లేకపోతే మీరు పడుకున్నప్పుడు కరెంటొస్తే నీళ్ళలో మునిగిన మోటారు తనంతట తనే స్టార్ట్ అవుతుంది. తెల్లారి బయటికి అడుగు పెట్టేముందు తలుపులో నిలబడి నేల వంకా పైకీ చూడండి. తీగ తెగి పడి ఉంటే, కరెంటు లేదని ఎవరు చెప్పినా సరే, దగ్గరికి వెళ్ళొద్దు, పశువుల్ని వదలొద్దు. ఒక మనిషిని దూరంగా కాపలా పెట్టి 1912కి చెప్పండి.

కరెంటు వచ్చిన పూట ఊళ్ళో కేకలు వినిపిస్తాయి, అందరూ పరుగున వెళ్ళి అన్ని స్విచ్చులూ వేస్తారు. అక్కడే సామాన్లు కాలేది. ఒకసారి వేసవి గాలికి మా వీధి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగింది. అలా తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 దాకా రావచ్చు. లైటు ఒక్కసారి తెల్లగా వెలిగింది, టీవీ వెనక నుంచి పొగ వచ్చింది, మా అప్ప పరుగెత్తి మెయిన్ ఆపేసరికి అంతా అయిపోయింది.

అప్పట్నుంచి మేం చేసేది ఇది. పాత రకం 60 వాట్ల తీగ బల్బు ఒకటి వరండాలో హోల్డర్‌కి పెట్టి ఉంచాం. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, వోల్టేజీ ఎంతున్నా అది ఒకేలా వెలుగుతుంది. ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపి, మెయిన్ వేసి, ఆ ఒక్క బల్బే వేయండి. పది నిమిషాలు దాన్నే చూడండి. రోజూ ఉండే పసుపు వెలుగుతో నిలకడగా ఉంటే మంచిదే. కళ్ళు చెదిరేంత తెల్లగా మండినా, ఎర్రగా మిణుకుమన్నా, పెరుగుతూ తరుగుతూ ఉన్నా వెంటనే మెయిన్ ఆపి లైన్‌మన్‌కి చెప్పండి. ఇన్వర్టర్ మీద వోల్టేజీ చూపించేది ఉంటే 200కీ 250కీ మధ్య ఉందో లేదో చూడండి.

బల్బు నిలకడగా ఉంటే లైట్లు, ఆ తర్వాత ఫ్యాన్లు వేయండి. ఇన్వర్టర్ ఛార్జింగుకి పెట్టండి. ఇంకో పావుగంట ఆగి ఫ్రిజ్. నీళ్ళ మోటారు అన్నిటికంటే చివర్న, స్టార్టరు పెట్టె తెరిచి లోపల తడి లేదని చూశాకే, కాళ్ళకి పొడి చెప్పులు వేసుకుని.